చీనీతోట మలుపు

ఆ పొద్దున తూర్పున మబ్బు లేచింది. నల్లమల మీద నల్లగా, బరువుగా, ఇదిగో కురుస్తున్నానన్నట్టు కూర్చుంది. నల్లగుండ్లపల్లెలో ఆడవాళ్ళు ఎండబెట్టిన పిడకలు లోపలికి చేర్చారు. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని మెడలు పైకెత్తారు. మబ్బు అందరినీ ఒకసారి చూసుకుని, తీరిగ్గా మైదుకూరు దిక్కుకు జరిగిపోయింది. ఆకాశం మళ్ళీ తోమిన సత్తుగిన్నె మాదిరి మెరవసాగింది.

మెడలెత్తి కూర్చున్న జనం కళ్ళు కిందికి దించేసరికి ఎదురుగా దేవేంద్రప్ప కనబడ్డాడు. తిమ్మయ్య బీడులో ఉన్నాడు. టేపు కొసను ఒక రాయి కింద అదిమిపెట్టి, చుట్ట విప్పుకుంటూ వెనక్కు నడుస్తున్నాడు. కాస్త దూరం పోయి, వంగి, అంకె చూసుకుని, అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

దేవేంద్రప్పను ఎరగనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసి తల నెరిసిన మనిషి. మోటారు మోసుకొచ్చిన రైతు తన కష్టమంతా చెప్పుకుంటే చివరిదాకా విని, "రేపు రా" అనేవాడు. అంతకు మించి ఆయన నోట మాట రాబట్టడం బండలో బోరు వేసినట్టేనని పేరు. అలాంటి మనిషి పరాయి చేను కొలవడమేమిటని తిమ్మయ్య టవలు దులిపి భుజాన వేసుకుని బయల్దేరాడు.

"ఏమప్పా దేవేంద్రా, నా బీడు కొలుస్తాండావు?"

"రైలుకు."

"ఏ రైలుకు?"

"మనూరి రైలుకు," అని దేవేంద్రప్ప టేపు చుట్టుకుని ఇంటికి పోయాడు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అబద్ధాలాడి చెడినవాళ్ళు ఆ ఊళ్ళో పదిమంది ఉంటారు. నిజాన్ని ఇంత పొదుపుగా చెప్పి చెడినవాడు మాత్రం దేవేంద్రప్ప ఒక్కడే.

ఎందుకంటే ఆ ఊరికి రైలు లేదు. వస్తుందన్న మాట మాత్రం తాతల నాటి నుంచి ఉంది. ప్రతి ఎన్నికలప్పుడూ రైలు మాటల్లో ఊళ్ళోకి వచ్చి, ఓట్లు పడిన మరునాడు మాటల్లోనే వెళ్ళిపోతుంది. ఒకప్పుడు ఎవరో సర్వేవాళ్ళు వచ్చి పొలాల్లో రాళ్ళు కూడా పాతారు. ఆ రాళ్ళను ఊరివాళ్ళు పెరికి తెచ్చుకుని బట్టలుతుక్కోవడానికి వేసుకున్నారు. రైలు వచ్చినప్పుడు ఇచ్చేద్దాంలే అన్న ధర్మబుద్ధితోనే.

దేవేంద్రప్ప కొలుస్తున్నది బొమ్మ రైలు కోసం.

అదెట్లా మొదలైందంటే, కడప డాక్టరు ఆయన గుండె చూసి బరువులెత్తొద్దన్నాడు. మోటారు ఎత్తకుండా వైండింగ్ చేసే ఉపాయం మాత్రం చెప్పలేదు. షాపు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. భార్య కృష్ణవేణమ్మ, ఆ చేతులు ఊరికే ఉండలేకపోవడం చూసి, చిక్కుడుకాయలు వొలవమని గిన్నె ముందు పెట్టింది. ఆయన వొలిచిన గింజల్ని చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా పేర్చుకుంటూ కూర్చుంటే కూర పొయ్యి మీదికి ఎక్కేది కాదు. ఆమె గిన్నె లాక్కుని ఫోను ఇచ్చింది.

ఆ ఫోనులో కనబడ్డాడొక ముసలాయన. ఎక్కడో చలిదేశంలో, పెరట్లో చిన్న గదిలో కూర్చుని, అరచేతిలో పట్టే రైలుపెట్టెకు మెట్లు అతికిస్తున్నాడు. అతికించి, భూతద్దం పెట్టి చూసి, మళ్ళీ పీకేశాడు. వెంట్రుకవాసి వంకర వచ్చిందట. ఆ పీకడం చూశాక దేవేంద్రప్పకు ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది.

కడపలో ఉద్యోగం చేసే కూతురు సుప్రజ చేత జానెడు ఇంజను ఒకటి తెప్పించుకున్నాడు. ఎవరి పిల్లోడికి నాయనా అని ఆమె అడిగితే "ఎవరికీ కాదు" అన్నాడు. ఇంజను చక్కగా మనవైపు తిరిగే కరెంటు ఇంజను మాదిరే ఉంది. చక్రాల దగ్గరికి వచ్చేసరికి దేవేంద్రప్ప మొహం మారింది. మన పట్టాల మధ్య ఐదున్నర అడుగుల ఎడం. ఆ ఇంజను అసలుకు ఎనభై ఏడో వంతు. ఆ లెక్కన బొమ్మ పట్టాల మధ్య రెండు సెంటీమీటర్లకు గోరంత తక్కువ ఉండాలి. వచ్చిన చక్రాలేమో ఇంకో దేశపు పట్టాల కొలతకు చేసినవి, ఇరుకుగా ఉన్నాయి. దున్నపోతు మేకపిల్ల కాళ్ళతో నిలబడినట్టుంది. ఇంకొకరైతే చూసీ చూడనట్టు పోనిచ్చేవాళ్ళు. ఈయన ఇరుసులు విప్పి, కొత్తవి కోసి, చక్రాల్ని మన ఎడానికి జరిపాడు. ఆ ఎడానికి పట్టాలు ఎక్కడా అమ్మరు కాబట్టి పట్టాలూ తానే చేయడం మొదలుపెట్టాడు. చక్రం అంచు కూడా అసలుదానికి సరిపోవాలని దారమంత సన్నగా అరగదీశాడు.

మోటార్లు పెట్టుకునే ముప్పై అడుగుల రేకుల షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు బల్లలు వేశాడు. ఊరికి రావాల్సిన రైలును, రావాల్సిన చోటనే, కొలతకు కొలతగా వేసుకుందామనుకున్నాడు. బోరుపైపు ముక్కల్ని వేడిచేసి చదును చేసి స్లీపర్లు కోశాడు. పట్టాల కింద కంకర కోసం కడప బండలు కోసేచోటు నుంచి రాతిపొడి తెచ్చి, పిండిజల్లెడలో జల్లించాడు. ఆ రాత్రి జొన్నరొట్టె నమిలిన కృష్ణవేణమ్మ చెంప పట్టుకుని, "నా కడుపులో కూడా పట్టాలేస్తాండావా?" అని అడిగింది. మర్నాడు ఆయన కొత్త జల్లెడ తెచ్చాడు. పాతది షెడ్డులోనే ఉండిపోయింది.

చిక్కంతా మలుపు దగ్గర వచ్చింది. మైదుకూరు దిక్కు నుంచి వచ్చే లైను తిమ్మయ్య బీడులో స్టేషను దాటాక, గుండ్లగుట్టకూ వాననీటి వంకకూ మధ్యనుంచి తిరగాలి. ఇరుగ్గా తిప్పితే దారమంత అంచున్న చక్రం పట్టా ఎక్కి కింద పడుతుంది. అసలు రైలుకైనా అంతే, నిదానంగా, విశాలంగా తిరగాలి. అట్లా తిప్పితే లైను సరిగ్గా ఓబుళేశు చీనీతోట, అంటే బత్తాయితోట, నడిమధ్యనుంచి పోతుంది. ఓబుళేశు దేవేంద్రప్ప సొంత తమ్ముడు. పొద్దున్నే అన్న ఇంట్లో కాఫీ తాగందే ఆయన పొలానికి పోడు. అయినా లైను వేసేటప్పుడు దేవేంద్రప్పకు అది తమ్ముడి తోటగా తోచలేదు. బల్ల మీద మూరెడు చెక్కగానే తోచింది.

బీడు కొలిచిన మూడోనాడు తిమ్మయ్య షెడ్డుకు వచ్చాడు. లోపలికి తొంగిచూసి, వెనక్కు వచ్చి, చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి పోయాడు. బల్ల మీద ఊరు ఉంది. ఇంటింటికీ అరుగుంది. ఊరి బండగుండ్లు ఎక్కడివక్కడ ఉన్నాయి. తన ఇంటి పైకప్పు మీద పగిలిన రేకు కూడా పగిలినట్టే ఉంది. గొర్రెలు కూడా మూతి పెట్టని తన బీడులో రంగురంగుల స్టేషను ఉంది.

బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆ తర్వాత, సంతకం ఎక్కడ పెట్టాలని మాత్రం అడిగాడు.

ఇది ఆట, బొమ్మ అని దేవేంద్రప్ప చెప్పాడు. అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. ఒక్కడూ నమ్మలేదు. నమ్మకపోవడంలో న్యాయం ఉంది. అరవైకి దగ్గరపడిన మనిషి, పనిమంతుడు, నెల తప్పకుండా కరెంటు బిల్లు కట్టే మనిషి, ఎండలో పడి పరాయి చేలు కొలిచి బొమ్మ రైలు చేసుకుంటాడా? గవర్నమెంటు మోడలు చేయమని గుట్టుగా ఈయనకు అప్పజెప్పింది, మాట బయటికి రాని మనిషని చూసే అప్పజెప్పింది. ఈ మాటలో నమ్మరానిది ఏముంది? ఆట అని చెప్పమన్నదీ గవర్నమెంటే అయివుంటుంది.

అక్కడినుంచి ఊరికి కంటినిండా నిద్ర పట్టలేదు. లైను పోయే చోట ఉత్త బీడుంటే పరిహారం ఒకటి, చెట్టూ చేమా బావీ పాకా ఉంటే ఇంకొకటి. ఈ సంగతి పక్క మండలంలో రోడ్డు వేసినప్పుడే అందరికీ తెలిసింది. వారం తిరిగేసరికి తిమ్మయ్య బీడులో టేకు పుల్లలు లేచాయి, ఆకులేమీ లేకుండా, వరసగా. పక్క చేనులో నాలుగు గుంజల మీద రేకు వేసి కోళ్ళఫారమన్నారు. అందులో ఒక కోడి ఉండేది, సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకుపోయేవాళ్ళు. ఇంకొకరు మోకాలిలోతు గుంత తవ్వి చుట్టూ గట్టిగా సిమెంటు ఒరలు దింపి బావి అన్నారు.

దేవేంద్రప్ప టేపు తీసుకుని పోయి చూశాడు. బల్ల మీది ఊరు నిజం ఊరి మాదిరి ఉండాలి కదా. ఊరు మారితే బల్లా మారాలి. రాగితీగ ముక్కలు కత్తిరించి టేకు పుల్లలు నాటాడు. కోళ్ళఫారం కట్టాడు, లోపల ఆవగింజంత కోడిని పెట్టాడు. బావిని మోకాలిలోతే తవ్వాడు, లెక్క ప్రకారం.

"ఎక్కిండాది," అని తిమ్మయ్య బయటికొచ్చి చెప్పాడు. "నా టేకు ఎక్కిండాది."

అది విని మిగతావాళ్ళు కూడా ఇంకొన్ని కట్టారు. అవీ ఎక్కాయి. రోజూ పొద్దున షెడ్డు ముందు జనం, మాది ఎక్కిందా, మా చింతచెట్టు ఎక్కిందా అని. ఒకాయన తన దొడ్డి గోడ బల్ల మీద పొట్టిగా పడిందని వాదనకు దిగాడు. దేవేంద్రప్ప మాట్లాడకుండా పోయి గోడ మళ్ళీ కొలిచి వచ్చి, ఇంకా కొంచెం పొట్టి చేశాడు. ఆయన మళ్ళీ నోరెత్తలేదు.

కృష్ణవేణమ్మకు ఈ కాలం బాగా గడిచింది. ఇంటికి సొరకాయలు వచ్చాయి, నెయ్యి వచ్చింది, ఒక పొద్దు కాళ్ళు కట్టిన నాటుకోడి వచ్చింది. ఎన్నడూ పలకరించని ఆడవాళ్ళు ఆమె జడలో పూలు లేవని నొచ్చుకున్నారు. ఆట అని మొగుడు అంటుంటే, "ఆట అయితే కోడి ఎందుకిస్తారయ్యా?" అని ఆమె అడిగింది.

మైదుకూరు నుంచి భూపేష్ కూడా వచ్చాడు. తెల్ల కారు, తెల్ల చొక్కా, ప్లాట్ల వ్యాపారం. షెడ్డులో తిరిగి తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. పోతూ పోతూ, "అన్నా, స్టేషను మొగం ఎటు వైపు?" అని అడిగాడు. తూర్పు అని దేవేంద్రప్ప చెప్పాడు. నాలుగోనాటికి రోడ్డు మీద ఫ్లెక్సీ లేచింది. తూర్పు ముఖం స్టేషనుకు ఎదురుగా, అన్ని వసతులతో ప్లాట్లు. దేవేంద్రప్ప దాన్ని చూసి, కొలుచుకుని వచ్చి, వేలెడు ఫ్లెక్సీ చేసి బల్ల మీద రోడ్డు పక్కన పెట్టాడు.

ఓబుళేశు మాత్రం కాఫీకి రావడం మానేశాడు.

మొదటి పొద్దు పని ఉందేమో అనుకున్నాడు దేవేంద్రప్ప. రెండోనాడు కృష్ణవేణమ్మ రెండో గ్లాసు కాఫీ పొయ్యి మీద వెచ్చబెట్టి, ఆరిపోతే తనే తాగింది. ఆ తర్వాత గ్లాసు పెట్టడం మానేసింది. అన్నదమ్ములు ఎప్పుడూ ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు కాదు. అయినా ఎదురుగా కూర్చుని మాట్లాడకపోవడం వేరు, లేకుండా మాట్లాడకపోవడం వేరు. షెడ్డులో ఇంజను మలుపు తిరుగుతుంటే దేవేంద్రప్ప చూపు తలుపు వైపే పోయేది.

సంగతి ఓబుళేశు భార్య చౌడమ్మ వచ్చి చెప్పింది. బావ ముందు గడప బయటే నిలబడి, కొంగు చుట్టుకుని, తలుపుతో మాట్లాడినట్టు చెప్పింది. చీనీచెట్లు ఈ ఏడే బాగా కాపుకొచ్చాయి. కాయల వ్యాపారి వచ్చి చూసి, తోట బాగుందిగానీ రైలు పోతుందంట కదా, ఈ గొడవలో మనమెందుకని వెళ్ళిపోయాడు. ఓబుళేశు ఆ సాయంత్రమే మోటారు ఆపేశాడు. ఎట్లాగూ పొయ్యే తోటకు నీళ్ళెందుకు అన్నాడు.

"ఆకులు ముడుచుకుంటాండాయి బావా," అంది చౌడమ్మ. "పదైదు పొద్దులాయ తడి తగిలి. ఇంకో వారమైతే కాయ రాలిపోతాది. ఆపైన చెట్టే పోతాది. నామాట వినడు. నువ్వు చెప్తే వింటాడు, నీతోనేమో మాట్లాడనంటాడు."

తమ్ముణ్ణి పిలుచుకు రమ్మన్నాడు దేవేంద్రప్ప. మరునాడు పొద్దెక్కాక ఓబుళేశు వచ్చాడు. వచ్చినవాడు బల్ల చుట్టూ తిరగలేదు. షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా తోట యాడుండాదిన్నా దీంట్లో?"

దేవేంద్రప్ప వేలు పెట్టి చూపించాడు. ఎర్రమట్టి అద్దిన మూరెడు చెక్క. మధ్యలో పట్టాలు. ఇంకేమీ లేదు.

"చెట్లేవి?"

"ఇంగా పెట్టలేదు."

"కోళ్ళఫారంలో కోడిని గూడా పెట్టినావు."

దేవేంద్రప్ప గొంతు సవరించుకున్నాడు. ఆయన బతుకులో అంత పొడుగు మాట అంతకుముందు మాట్లాడి ఉండడు. ఇది ఆట అని, ఎవరూ పంపలేదని, ఏ లైనూ రావడం లేదని, చేతులు ఊరికే ఉండలేక చేసుకుంటున్నానని, అమ్మ తోడు అని చెప్పాడు.

ఓబుళేశు అంతా విన్నాడు.

"ఆటే అనుకో," అన్నాడు. "ఆటలో అన్నా నా తోట పక్కనించి పోనియ్యకూడదా? ఆటలో నీకు అడ్డం వచ్చిందెవరు?"

"మలుపు రాదు రా. ఇరుగ్గా తిప్పితే పడిపోతాది."

"పడితే ఏమి? దాంట్లో ఎక్కిండేదెవరు?"

అని ఓబుళేశు వెళ్ళిపోయాడు.

దేవేంద్రప్ప ఆ పూట అన్నానికి లేవలేదు. ఎక్కిండేదెవరు అన్న మాట దగ్గరే కూర్చున్నాడు. నిజమే, ఇంజనులో ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే అవతలి కిటికీ కనబడుతుంది. తోటలో మాత్రం తమ్ముడున్నాడు, రోజంతా ఉంటాడు.

పట్టాలు పీకి, గుండ్లగుట్ట అంచున ఇరుగ్గా వంచి చూశాడు. ఇంజను మలుపు దాకా మర్యాదగా వచ్చి, చక్రం ఎత్తి, ఒళ్ళోకి దూకింది. గుట్టను కొంచెం చెక్కితే మలుపు సరిపోయేది. కానీ ఆ గుట్ట అక్కడ ఉంది, ఊరు పుట్టకముందు నుంచీ ఉంది. దాన్ని ఎవరి సౌకర్యం కోసం చెక్కాలి? ఇంకొక ఉపాయం కూడా ఉంది. ఇంజనుతో వచ్చిన పాత చక్రాలు డబ్బాలో ఉన్నాయి. వాటికి మందపు అంచు, వంకాయ తొడిమ మాదిరి. అవి వేస్తే ఎంత ఇరుకు మలుపైనా పట్టుకుని తిరుగుతాయి. ఒక చక్రం తీసి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. అది వేస్తే ఇంజను బొమ్మయిపోతుంది. నెలరోజులుగా ఊరందరితో బొమ్మ, బొమ్మ అని మొత్తుకుంటున్న మనిషికి, దాన్ని బొమ్మను చేయడానికి చేతులు రాలేదు.

డబ్బా మూత పెట్టాడు. తీగలు కత్తిరించే కటింగ్‌ప్లేయరు తీసుకుని, చీనీతోట గట్టు దగ్గర రెండు పట్టాలనూ తెంపేశాడు. అవతల ఉన్న లైనంతా ఊడబెరికాడు. దాంట్లో ఆయన ఎండాకాలమంతటి పని ఉంది. లైను ఆగిన చోట, రైలు ముందుకు పోకుండా అసలు లైన్లకు ఉండేటట్టు, ఎర్ర రంగు వేసిన అడ్డచెక్క నిలబెట్టాడు. అప్పుడు లేచి కాళ్ళు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు.

మరునాడు ఊరు షెడ్డు ముందు నిలబడి తెగిన లైనును చూసింది. స్టేషను ఉందా అని తిమ్మయ్య అడిగాడు. ఉందని చెప్పాక, "నా బీడు దాకా వస్తే చాలప్పా, ఆపైన ఎవరి కర్మ వాళ్ళది," అని తేల్చేశాడు. ఆపైన చేలున్నవాళ్ళు మొహాలు వేలాడేసుకున్నారు. మోకాలిలోతు బావి యజమాని ఆ సాయంత్రమే ఒరలు పైకి తీసి, తెచ్చిన చోట వాపసు ఇచ్చాడు.

భూపేష్ కారు వేసుకుని ఆదరాబాదరాగా వచ్చాడు. ఈసారన్నా ఇది ఆటేనని తేలుతుందని దేవేంద్రప్ప ఆశపడ్డాడు.

"ఏంటన్నా ఆగింది?"

"చోటు ల్యా."

"భూసేకరణ సమస్య," అని భూపేష్ తల ఊపాడు. ఎర్ర అడ్డచెక్కను దగ్గరనుంచి ఫోటో తీసుకున్నాడు. ఆయన మొహంలో దిగులు బదులు వెలుగు కనబడింది. "నిజం చెప్తాండా అన్నా. ఇన్ని దినాలూ నాకు లోపల రవ్వంత అనుమానం ఉండేది. ఈ పొద్దుతో పాయె. మధ్యలో ఆగిందంటే అది గవర్మెంటు లైనే."

రోడ్డు మీది ఫ్లెక్సీ మారింది. ఇప్పుడు అది మామూలు స్టేషను కాదు, ఆఖరి స్టేషను. ఆఖరి స్టేషను అంటే ఎక్కినవాళ్ళంతా అక్కడే దిగాలి కదా, అని భూపేష్ కొనేవాళ్ళకు వివరించాడట.

ఆ రాత్రి కంచం ముందు పెడుతూ కృష్ణవేణమ్మ చాలాసేపు మొగుడి మొహం చూసింది.

"మరిది తోట కోసరం గవర్మెంటు లైనునే తెంపిచ్చినావంట. ఊరంతా అంటాండారు. నాకన్నా చెప్పకూడదా?"

దేవేంద్రప్ప అన్నం కలుపుకున్నాడు.

లైను తీసేశాక అక్కడ ఎర్రమట్టి చెక్క బోసిగా మిగిలింది. రైలు పోని చోట చెట్లుండాలి. చెట్లకు వెతుకులాట లేదు, వైండింగ్ తీగ ఉంది. రాగితీగ పురులు తిప్పి, కొమ్మలు విడదీసి, ఎండిన తంగేడాకు పొడి అద్దితే చీనీచెట్టు. అయితే ఏ చెట్టు ఎంత ఎత్తు, ఎటు వాలింది, ఏ రెండింటి మధ్య ఎంత ఎడం? ఊహించి పెట్టడం ఆయనకు రాదు. పోయి చూడాలి.

పొద్దున టేపు తీసుకుని చీనీతోటకు పోయాడు. ముళ్ళకంప తడిక దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు, రమ్మంటారేమోనని. ఎవరూ అనలేదు. తడిక జరిపి లోపలికి పోయాడు. పాదుల్లో మన్ను పగుళ్ళిచ్చింది. ఆకులు దొన్నెల మాదిరి ముడుచుకున్నాయి. కాయలు ఇంకా కొమ్మల్నే పట్టుకుని ఉన్నాయి. ఓబుళేశు గట్టు మీద మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. అన్నను చూసి లేవలేదు.

దేవేంద్రప్ప మొదటి చెట్టు మొదట్లో టేపు కొస పెట్టాడు. అదిమిపెట్టడానికి రాయి కోసం చూశాడు. బాగా చేసిన తోటలో రాయి దొరకదు. కొస కాలితో తొక్కిపట్టి రెండో చెట్టు దాకా చెయ్యి చాపాడు. అందలేదు. కాలు తీసి నడిస్తే కొస వెంట వచ్చేసింది. మళ్ళీ తొక్కిపట్టాడు, మళ్ళీ చాపాడు. మూడోసారికి ఓబుళేశు చూడలేకపోయాడు.

"ఇంగేం కొలుస్తావు?"

"చెట్లు."

"ఎందుకు?"

"బల్ల మీద పెట్టేదానికి. లైను తీసేసినా."

ఓబుళేశు లేచి, పంచె దులుపుకుని, వచ్చి టేపు కొస పట్టుకున్నాడు. ఇద్దరూ వరసన వరసా పోయారు. ఒకరు మొదట్లో, ఒకరు చివర. అంకెలు దేవేంద్రప్ప అరచేయి దాటి మోచేతి దాకా ఎక్కాయి. మూడో వరసలో ఒక చెట్టు నిరుడే ఎండిపోయి మోడై ఉంది.

"అది వద్దులేన్నా. బాగుండదు," అన్నాడు ఓబుళేశు.

"ఉండేది ఉన్నట్టే పెట్టల్ల."

చివరి వరస అయ్యాక ఓబుళేశు టేపు కొస వదిలి, వేపచెట్టుకు కట్టిన స్టార్టరు పెట్టె దగ్గరికి పోయాడు. మీట నొక్కాడు. మోటారు మొదట దగ్గింది, తర్వాత గాలి ఊదింది, ఆ తర్వాత నీళ్ళు పోసింది. పగుళ్ళిచ్చిన కాలువలో నీళ్ళు ఎంతసేపటికీ ముందుకు కదల్లేదు, భూమి తాగుతూనే ఉంది.

"ఓబుళేశా," అన్నాడు దేవేంద్రప్ప. "అది ఆట రా. ఇప్పుడు కూడా చెప్తాండా."

ఓబుళేశు చుట్టూ ఒకసారి చూసి, అన్న దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు.

"తెల్సులేన్నా. వ్యాపారి కూడా పొద్దున్నే ఫోను చేసినాడు, వస్తాడంట. నీ నోట వినేదాకా నాకే నమ్మకం కుదర్లా. నేను మాత్రం ఎవరికీ చెప్పను. నీ పేరు బయటికి రానియ్యను."

దేవేంద్రప్ప ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. నీళ్ళు అప్పుడే మొదటి పాదులోకి దిగాయి. నోరు మూసుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేవేళకు చౌడమ్మ గంపతో వచ్చింది. వచ్చేటప్పుడు మోటారు చప్పుడు విని తొందర తొందరగా నడిచినట్టుంది, రొప్పుతోంది. వేపనీడలో రెండు ఆకులు పరిచింది. రాగిసంగటి ముద్దలు పెట్టి, గుంటలు చేసి నెయ్యి పోసింది. పక్కన చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, గోంగూర పప్పు. అన్నదమ్ములు కాలువలో చేతులు కడుక్కుని ఎదురెదురుగా కూర్చున్నారు. చౌడమ్మ కూడా కాస్త పక్కకు తిరిగి తన ఆకు వేసుకుంది.

ముద్ద తుంచుకోవడం, ఊరిబిండి అద్దుకోవడం, మింగడం. దేవేంద్రప్ప మోచేతి మీది అంకెలు చెమటకు చెదురుతున్నాయి, ఆయన చూసుకోలేదు. ఓబుళేశు తన ఆకులో ఉల్లిపాయ సగం విరిచి అన్న ఆకులో పెట్టాడు. చౌడమ్మ లేచి ఇద్దరికీ ఇంకో ముద్ద వేసింది. ఇద్దరూ వద్దనలేదు.